భూకంపములు – మన ఇంటిగోడలు

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ఏడున్నర గంటలు కావచ్చుచుండగా ములుగు జిల్లాయందు భూమి కంపించెను. ఆ కంపము తీవ్రత 5.3 అని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆ కదలిక గోదావరీ తీరముననే ఆగిపోక ఇన్నూరు కిలోమీటర్లకు దూరముననున్న హైదరాబాదు, సికింద్రాబాదు నగరములలో సైతము జనులకు తెలియవచ్చెను. ప్రాణనష్టము కలుగలేదు. నాలుగుదినము లా ముచ్చట చెప్పుకొంటిమి, అయిదవనాడు మరచితిమి. తప్పిపోయిన ఆపదకు దైవమునకు దండము పెట్టుకొనుట మంచిదే. కాని ఆ ఆపద చెప్పిపోయిన మాటను చెవినిబెట్టకుండుట వివేకము కాదు.

ఆ మాట యేమి? బయలునందు నిలుచున్న రైతు భూమి ఊగినంతమాత్రమున చావడు. ఇంటిలోపల నిద్రించుచున్నవాడు చచ్చుచున్నాడు. చంపునది అతని గోడ, అతని కప్పు. భూమి ఎప్పుడు కదలునో చెప్పగల శాస్త్రము నేటికిని లోకమున లేదు. గోడ ఎట్లు కట్టిన నిలుచునో చెప్పగల శాస్త్రము మాత్రము నూరేండ్లుగా నున్నది. మొదటిది మన చేతిలో లేనిది; రెండవది పూర్తిగా మన చేతిలోనిది. చేతిలో లేనిదానినిగూర్చి చింతించుచు, చేతిలోనున్న దానిని విడిచిపెట్టుట మనకు అలవాటైపోయినది.

మనది రాతిగడ్డ, దక్కను పీఠభూమి కదలదు, ఈ బెడద హిమాలయములవారిది, కచ్ఛదేశమువారిది అని మన పట్టణవాసులలో గట్టి నమ్మకము కలదు. ఈ నమ్మకమునకు కొంత ఆధారము లేకపోలేదు. 1893 సంఖ్యగల భారతీయ ప్రమాణము 2002లోను 2016లోను వెలువడిన కూర్పులలో హైదరాబాదు, సికింద్రాబాదు నగరములను రెండవ మండలముననే, అనగా తక్కువ ప్రమాదముగల మండలముననే చేర్చెను. కాని తక్కువ అనుమాటకు లేదు అని అర్థము చెప్పుకొనుట ప్రమాదకరము. 1967లో ఒంగోలు ప్రాంతమున, 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచలము ప్రాంతమున, 1983లో మన నగరపు వాకిటనున్న మేడ్చల్ ప్రాంతమున భూమి కదలెను. భద్రాచలపు కంపము 5.7 తీవ్రత కలది. ఇవి పురాణకథలు కావు. మనలో పెద్దవారు ఎరిగినవే.

ఇంతకంటె పెద్ద పాఠము కిల్లారిది. ఆ గ్రామము నేడు మహారాష్ట్రములోని లాతూరు జిల్లాలోనిది. 1956వరకు మన హైదరాబాదు రాష్ట్రములోనిదే. మనకు ఇన్నూరు కిలోమీటర్ల దూరము. 1993 సెప్టెంబరు 30వ తేదీన, గణేశ నిమజ్జనము ముగించుకొని జనులు గాఢనిద్రలోనుండగా, తెల్లవారుజామున నాలుగు గంటలకు కొంచెము ముందు అచ్చట భూమి కంపించెను. తీవ్రత 6.2. మరణించినవారు ఎనిమిదివేల దరిదాపు అని ప్రభుత్వపు లెక్క; పదివేలని ఇతరుల లెక్క. గమనింపవలసిన దేమన, ఆనాటి దేశపటమున కిల్లారి మొదటి మండలమున, అనగా అన్నిటికంటె తక్కువ ప్రమాదముగల మండలమున నుండెను. పటములోని రంగును నమ్ముకొని పడుకొన్నవారు మరల లేవలేదు. 2002లో ఆ మొదటి మండలమునే పటమునుండి తీసివైచిరి. దేశమున కంపభయము బొత్తిగా లేని చోటు లేదని దీని తాత్పర్యము.

కిల్లారిలో కూలినవి ఎట్టి గోడలో విచారింతము. రెండు మూడడుగుల మందము, కొన్నిచోట్ల అంతకుమించిన మందముగల రాతిగోడలు. ఈవల నొక రాతివరుస, ఆవల నొక రాతివరుస, నడుమ చిల్లరాళ్లు, మట్టి. ఈ రెండు వరుసలను కలుపు పొడవురాయి ఒక్కటియు లేదు. రాళ్లను పట్టియుంచునది మట్టియడుసు. పైని దూలములపై ఎండను ఆపుటకై అడుగు మందమునకు తగ్గకుండ పరచిన మన్ను. వేసవిని చల్లగాను చలికాలమున వెచ్చగాను ఉండుటకు ఇట్టి ఇల్లు మంచిదే. కాని భూమి కదలినపుడు ఆ గోడ నిలువున రెండుగా చీలి, ఒక పొర లోపలికి, ఒక పొర వెలుపలికి కూలెను; పైనున్న మట్టికొండ నిద్రించువారిపై బడెను. ఊరిలో కలవారి బలిసిన గోడలు వారిని చంపగా, తేలికపాటి కప్పుగల గుడిసెలలోనున్న పేదలనేకులు బ్రతికి బయటపడిరి. గోడ ఎంత లావో ఇల్లంత గట్టి యని తరతరములుగా మనము చెప్పుకొనుచున్న మాటకు ఇంతకంటె సమాధానము లేదు.

ఇట్లేల జరుగును? సామాన్యదృష్టాంతము చెప్పెదము. నిలిచియున్న బస్సు హఠాత్తుగా ముందునకు దూకినయెడల లోపల నిలుచున్నవాడు వెనుకకు తూలును. పాదములు బండితో పోవును. మొండెము ఉన్నచోటనే ఉండజూచును. ఇంటికిని ఇంతే. పునాది భూమితోపాటు కదలును. గోడయు కప్పును వెనుకబడును. ఆ వెనుకబాటు వలన పుట్టు బలము ఇంటి బరువును బట్టి పెరుగును. బరువైన కప్పు, బరువైన గోడ తమపైకి తామే ఎక్కువ బలమును పిలిచికొనును. కావున కంపమున కోర్చు ఇంటికి మొదటి గుణము తేలికతనము.

రెండవ గుణము బంధము. ఒక చెక్కపలకను అంచుమీద నిలిపి పొడవు వెంబడి త్రోసిచూడుడు, నిలుచును. వెడల్పు ముఖముమీద త్రోయుడు, పడిపోవును. ప్రతి గోడయు ఇట్టి పలకయే. తన పొడవువైపు వచ్చు తోపునకు అది బలముగా నిలుచును. అడ్డముగా వచ్చు తోపునకు నిలువలేదు. భూమి ఏ దిక్కునకు ఊగునో ముందుగా తెలియదు. కావున ఎదుటిగోడకు తోపు తగిలినపుడు ప్రక్కగోడ ఆదుకొనవలెను; ప్రక్కగోడకు తగిలినపుడు ఎదుటిగోడ ఆదుకొనవలెను. నాలుగు గోడలును మూలలయందు ఒకదాని నొకటి పట్టుకొనియున్నపుడే ఇది సాధ్యము. మూలలు విడిపోయిన ఇల్లు, నాలుగు వేరువేరు పలకలు నిలబెట్టినట్టిది. పొత్తులేని అన్నదమ్ములవలె ఒక్కొక్క గోడయు ఒంటరిగా కూలును.

ఈ పొత్తు కుదుర్చుటకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయము చాల చులకనయైనది. పీపాకు ఇనుపకట్టు, బండిచక్రమునకు ఇనుపపట్టా, వెదురుగాదెకు నడికట్టు ఎట్లో, ఇంటికి అట్లే చుట్టుకట్టు. గోడలన్నిటిమీదుగా ఎడతెగక ఇంటిని చుట్టివచ్చు సన్నని కాంక్రీటు పట్టీ యిది. మూడంగుళముల మందము, లోపల రెండు ఇనుపచువ్వలు, ఆరంగుళములకొక అడ్డుకట్టు చాలును. చువ్వలు మూలల దగ్గర తెగక వంగి, అవతలిగోడలోనికి పోయి పెనవేసికొనవలెను. పునాదిపై నొకటి, ద్వారముల తలపై నొకటి, కప్పు క్రింద నొకటి వేయుట శాస్త్రోక్తము. గట్టిరాతినేలపై కట్టినచో క్రిందిది మానవచ్చును. కాంక్రీటు స్లాబు గల ఇంటికి ఆ స్లాబే పైకట్టు. కాని ద్వారముల తలపైనుండు కట్టు ఎన్నడును మానరాదు. అన్నిటిలో ముఖ్యమైనది అదియే.

మన తాపీమేస్త్రీలకు ఈ పని క్రొత్తది కాదు. ప్రతి ద్వారముపైనను, ప్రతి కిటికీపైనను వారు లింటెలు పోయుచునే యున్నారు. కాని ద్వారమునకు అటునిటు అరడుగు దాటగనే దానిని ఆపివేయుచున్నారు. ఆ లింటెలునే ఆపక గోడ వెంబడి నడపి, మూలలు త్రిప్పి, ఇల్లంతయు చుట్టివచ్చి మొదటికి కలిపినయెడల అదియే కంపబంధము. కావలసినది మరికొంత సిమెంటు, మరికొన్ని చువ్వలు, ఒకపూట పని. ఇంటి మొత్తము వ్యయములో ఇది లెక్కకు రానంతటి స్వల్పభాగము. గృహప్రవేశపు విందునకు, వీధిగుమ్మపు నగిషీలకు పెట్టు ఖర్చును తలచుకొన్న ఈ మాట చెప్పుటకే సిగ్గగును.

దీనికి తోడు మూలలయందును, ద్వారబంధముల ప్రక్కలను పునాదినుండి కప్పువరకు నిలువుచువ్వలు నిలుపవలెను. రాతిగోడయైనచో ఒకటిన్నర అడుగు మందమును మించరాదు. ప్రతి రెండడుగుల ఎత్తునకు, ప్రతి నాలుగడుగుల దూరమున ఒకటి చొప్పున, గోడకు ఈవలినుండి ఆవలికి పోవు పొడవురాయి పెట్టవలెను. అంత రాయి దొరకనిచోట కాంక్రీటు దిమ్మెయైనను చాలును. ఇక ద్వారములు, కిటికీలు. గోడకు పెట్టిన ప్రతి కంతయు గోడ బలమును తగ్గించును. ఎక్కువ ప్రమాదముగల కట్టడములలో ఒక్క అంతస్తు ఇంటికి గోడ పొడవులో సగమునకు మించి, మూడంతస్తుల ఇంటికి మూడవవంతునకు మించి కంతలుండరాదని 4326 సంఖ్యగల భారతీయ ప్రమాణము 1993లోనే విధించినది. మూలను ఆనుకొని కిటికీ పెట్టరాదు. ఈ సూత్రములలో సామాన్య గృహస్థునకు అర్థముకానిది ఒక్కటియు లేదు.

ఇప్పుడు సికింద్రాబాదు రెజిమెంటల్ బజారువంటి పాతపేటను ఈ కొలబద్దతో కొలిచి చూతము. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ కంటోన్మెంటు పట్టణమున, పల్టనులకు కావలసిన సరకులు అమ్ముటకై ఏర్పడిన బజారులలో ఇది యొకటి. 1874లో రైలుస్టేషను వచ్చిన పిమ్మట వర్తకమును జనమును పెరిగి, స్థలము చాలక, ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని లేచినవి. ఇట్టి పేటలలో మూడువిధముల గోడలు కనబడుచుండును. మూడింటికిని మూడు రోగములు.

మొదటిది రాతితోగాని ఇటుకతోగాని డంగుసున్నముతో కట్టిన పాత ఇల్లు. ఆ సున్నపు పని మట్టియడుసుకంటె వేయిరెట్లు మేలు. కాని వానలు తడిపి, మురుగునీరు నాని, రావిమొక్కలు వేళ్లుదన్ని, గోడకు గోడకు నడుమ పగుళ్లు పారినచోట, పూర్వపు మేస్త్రీ పనితనము ఎంత గొప్పదైనను ఇప్పుడు నిలువదు. దూలపుకొనలు చెదలు తిని గోడలో వట్టిగనే ఆనియుండును. పైని పిట్టగోడ ఏ ఆధారమును లేక వీధిపైకి తొంగిచూచుచుండును. కంపము వచ్చినపుడు అందరికంటె ముందు పడునది ఆ పిట్టగోడయే. అది పడునది బాటసారుల తలపై.

రెండవది పాత ఇంటికి క్రొత్త వేషము వేసినది. వర్తకము పెరిగినకొలది యజమాని వీధివైపు గోడను తొలగించి, ఇనుపదూలము నొకటి నిలిపి, ఆ చోట దుకాణపు షట్టరు పెట్టును. పిమ్మట పైన నొక అంతస్తు, దానిపైన రేకులగది. క్రింద గోడ తగ్గినది, పైన బరువు పెరిగినది. ఇంటి నాలుగు గోడలలో వీధిగోడయే లేకున్న, అట్టి ఇల్లు మూతిలేని పెట్టెవలె భూమి కదలినపుడు మెలిపడును. అద్దె పెరిగినదని యజమాని సంతోషించుచున్నాడు. ఆ అద్దె దేనినుండి పెరిగినదో ఆతడు ఎరుగడు. తొలగించిన గోడ బలమునుండి పెరిగినది.

మూడవది పాత ఇల్లు పడగొట్టి ఆ కొద్ది జాగాలో లేపిన నాలుగైదు అంతస్తుల కాంక్రీటు ఇల్లు. దీనికి గోడలు భారము మోయవు, స్తంభములు మోయును. కావున గోడనుగూర్చి విచారమేల యని కంట్రాక్టరు అడుగును. ఇక్కడనే మోసమున్నది. పై అంతస్తులలో స్తంభముల నడుమ ఇటుకగోడలు నిండియుండుటచే ఆ భాగము బిగిసియుండును. క్రింద బండ్లు నిలుపుటకై గోడలేమియు లేక బోడిస్తంభములు మాత్రమే యుండును. అనగా గున్నయేనుగును కొక్కెరకాళ్లపై నిలబెట్టినట్లు. 2001 జనవరి 26వ తేదీన భుజ్ ప్రాంతమున 7.7 తీవ్రతగల కంపము రాగా, అక్కడికి ఇన్నూరు కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న అహమ్మదాబాదు నగరమున ఇట్టి మేడలు పలుచోట్ల కాళ్లువిరిగి కూర్చుండిపోయినవి. ఆ కంపమున గుజరాతులో మృతులు సుమారు 13,800. భుజ్ కంపము కిల్లారి కంపముకంటె నూరురెట్లకు పైబడిన శక్తి కలది. అంతటిది మనకు వచ్చునని పాఠకులను భయపెట్టుట మా ఉద్దేశము కాదు. కాని ఆ మేడల రూపము, మన వీధులలో నిత్యము లేచుచున్న మేడల రూపము ఒక్కటే. ఇట్టి బోడి అంతస్తు స్తంభములను సామాన్యముగా లెక్కించిన బలమునకు రెండున్నర రెట్లకు తగినట్లు కట్టవలెనని 2002 నాటి ప్రమాణమే చెప్పినది. లేదా పునాదినుండి పైకప్పువరకు కొన్నిచోట్ల కాంక్రీటు గోడలనే నిలువుగా నిలుపవలెను. బండ్లకు చోటు పోవునని ఈ రెంటిని విడిచిన ఇల్లు ఎన్ని ఉన్నవో లెక్కించుట నగరపాలకుల విధి.

ఇక మన మనస్సులలోనున్న మరియొక గోడను ముట్టవలసియున్నది. అంతయు దైవాధీనము, మనమేమి చేయగలము అను మాట. 1934 జనవరి 15వ తేదీన బీహారు, నేపాళ దేశములలో మహాకంపము వచ్చి పదివేలకు పైగా ప్రాణములు పోగా, అస్పృశ్యతాపాపమునకు అది దైవదండనమని మహాత్మాగాంధి పలికెను. రవీంద్రనాథ ఠాకూరు దానిని బహిరంగముగా ఖండించెను. ప్రకృతిచర్యలకు నీతికారణములు కల్పించుట ప్రజల అవివేకమును పెంచుననియు, దానిని మహాత్ముడే చేయుట మరింత విచారకరమనియు ఆయన వాదము. ఆ ఖండనమును గాంధిజీ తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రకటించి, తన సమాధానమును ప్రక్కనే ఇచ్చెను. ఇరువురును మనకు పూజ్యులే. అస్పృశ్యత పాపమనుటలో మాకు లేశమును సందేహము లేదు. కాని కూలిన గోడవిషయమున మా మనస్సు విశ్వకవి పక్షముననే యున్నది. పైగా మహాత్ముని చర్య ఆయన మాటతో ఆగలేదు. బాబూ రాజేంద్రప్రసాదు చెరనుండి విడుదలయై సహాయసంఘమును నడపెను. జవహర్లాలు స్వయముగా పార చేతబట్టి శిథిలములను త్రవ్వెను. దైవముపై భారము వేసినవారును చేతులు ముడిచికొని కూర్చుండలేదు.

ఆ మరుసటి యేడు, 1935 మే 31వ తేదీ తెల్లవారుజామున క్వెట్టా పట్టణము నేలమట్టమై ముప్పదివేలకు పైగా మరణించిరి. సహాయమునకు పోదుమన్న గాంధిజీకిని, రాజేంద్రప్రసాదునకును ఆనాటి ప్రభుత్వము అనుమతి నిరాకరించెను. ఆ కథ మనవారికి గుర్తున్నది. గుర్తులేని కథ మరియొకటి కలదు. 1931లో బెలూచిస్థానమున మాచ్ దగ్గర కంపము వచ్చిన పిమ్మట, ఎస్. ఎల్. కుమార్ అను భారతీయ రైల్వే ఇంజనీరు, కంపమున కోర్చు రీతిని లెక్కకట్టి, గోడలకు ఇనుమును కూర్చి క్వెట్టాలో రైల్వే ఇండ్లు కట్టించెను. 1933లో తన సిద్ధాంతమును, దేశపు కంపమండలముల పటమును ప్రకటించెను. రెండేండ్లకు పరీక్ష వచ్చినది. ఊరంతయు కూలిన ఆ రాత్రి కుమార్ కట్టించిన ఇండ్లు నిలిచినవి. పరప్రభుత్వపు కొలువులోనున్న ఒక భారతీయుడు ఇంతటి పని చేసియుండగా, స్వరాజ్యము వచ్చి ఇన్నేండ్లయిన పిదప మన మేస్త్రీకి ఆ కట్టు తెలియదనుట ఎవరి లోపము? రైలు వలన పెరిగిన సికింద్రాబాదు పట్టణము ఆ రైల్వే ఇంజనీరు పేరైన ఎరుగవలదా?

ప్రాచీనులు ఏమియు ఎరుగరనుటయు సరికాదు. మొన్న కంపించిన ములుగు సీమలోనే, పాలంపేటయందు, 1213 నాటి రామప్పదేవాలయమున్నది. 2021లో దానికి ప్రపంచ వారసత్వపు గౌరవము దక్కినది. నీట తేలునంతటి తేలిక ఇటుకలతో దాని శిఖరమును కట్టిరి. పునాదిని ఇసుకపై నిలిపిరి. పైభారము తగ్గవలెనని కాకతీయ శిల్పులు ఏడెనిమిది శతాబ్దములకు పూర్వమే గ్రహించిరి. అయినను దేవాలయమును చూచి గర్వించుట వేరు; ఆ వివేకమును మన ఇంటిగోడకు పట్టించుట వేరు. మొదటిది మనకు బాగుగా వచ్చును.

ఉన్న ఇండ్లన్నిటిని పడగొట్టి మరల కట్టుమనుట ఉన్మాదము. మే మట్లు చెప్పుటలేదు. పాతగోడకును చికిత్స కలదు. కిల్లారి ప్రాంతమున కంపానంతరము రాతిగోడలకు కంతలుదొలిచి, ఇనుపకొక్కెము పెట్టి కాంక్రీటు నింపి, రెండు పొరలను ఒకటిగా కుట్టుట నేర్పిరి. ద్వారముల తలమట్టమున గోడకు లోపలను వెలుపలను ఇనుపవల బిగించి, సిమెంటు పూసి, దానినే చుట్టుకట్టుగా చేయవచ్చును. దూలపుకొనలను గోడకు ఇనుపపట్టీలతో బిగింపవచ్చును. కప్పుపైని అనవసరపు మన్ను దింపవచ్చును. పొడవైన పిట్టగోడను తగ్గింపవచ్చును. షట్టరుకై తొలగించిన గోడకు బదులు ఇంజనీరు లెక్కప్రకారము చట్రము నిలుపవచ్చును. ఇంటియజమాని ఒక యేటి అద్దెలో కొంతభాగము దీనికి కేటాయించిన చాలినంత పని జరుగును.

కాని యజమాని అద్దెదారునివైపు చూచును; అద్దెదారుడు యజమానివైపు చూచును. పాతకాలపు అద్దెకు మరమ్మతేల చేయింతునని ఒకడు. ఖాళీచేసిన మరల రానీయడేమో యని మరియొకడు. ఇరువురి నడుమ గోడ మాత్రము నానాటికి నానుచుండును. 2013 జూలై 8వ తేదీ ఉదయము సికింద్రాబాదు రాష్ట్రపతి రోడ్డులో ఒక పాత హోటలు భవనము కూలి పదిమందికి పైగా దుర్మరణము పాలైరి. ఆనాడు భూమి కదలలేదు. భూమి కదలకయే పడిపోవు గోడలు కదలిననాడు ఏమగునో ఊహించుటకు పాండిత్యము అక్కరలేదు. కావున మరమ్మతునకై ఖాళీచేసిన అద్దెదారునకు తిరిగి ఆ చోటనే నిలుచు హక్కు వ్రాతమూలముగా కలుగవలెను. వ్యయమునకు తగిన స్వల్పపు హెచ్చింపునకు యజమానికిని హక్కుండవలెను. ఈ రాజీని కుదుర్చుట ప్రభుత్వమునకు దుర్లభము కాదు.

నగరపాలకులు ప్రతి యేట వానకాలమునకు ముందు శిథిలగృహములకు నోటీసులు అంటించుచున్నారు. ఆ పరీక్షలోనే గోడల బంధమును, పిట్టగోడను, షట్టరుకై తీసిన గోడను చూచునట్లు చేసినచో క్రొత్త శాఖ అక్కరలేదు. 75 చదరపు గజములకు మించని జాగాలో చిన్నయిండ్లకు అనుమతి అక్కరలేదనియు, 600 చదరపు గజములవరకు యజమాని స్వయముగా ధ్రువీకరించి తక్షణమే అనుమతి పొందవచ్చుననియు 2020 నాటి తెలంగాణ చట్టము నిర్ణయించెను. కచేరీలచుట్టు తిరుగుట తప్పినందులకు సంతోషమే. కాని చెప్పులరుగుట తప్పినదని గోడలు తప్పుగా కట్టుకొనుటకు అది అనుజ్ఞ కాదు. అట్టి చిన్న ఇండ్లకే ఇంజనీరు ఉండడు, మేస్త్రీయే సర్వస్వము. కావున మేస్త్రీకి విద్య నేర్పుట అత్యవసరము. హైదరాబాదులో 1961నుండి జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ యున్నది. అచ్చటి అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో భూకంప ఇంజనీరింగు పరిశోధనకేంద్రమే కలదు. వారి విద్య ఇంగ్లీషు పుస్తకములలో మిగిలిపోక, తెలుగులోను ఉర్దూలోను బొమ్మలతో కూడిన చిన్నపుస్తకమై, ప్రతి తాపీమేస్త్రీ చేతికి అందవలెను. మొదట బడులకు, ఆసుపత్రులకు ఈ పరీక్ష జరుగవలెను. ఇంటిలో మనము మన తప్పునకు చత్తుము. బడిలో పిల్లలు పెద్దల తప్పునకు చత్తురు.

మా పాఠకులలో భూవసతిగలవారును, పట్టణములలో ఇండ్లుగలవారును పెక్కురు. వారికి మా మనవి చిన్నది. రేపు మీరు కట్టింపబోవు ఇంటికి మేస్త్రీ లింటెలు పోయుదినమున అక్కడ నిలిచి, ‘ద్వారముపై ఆపవద్దు, గోడలచుట్టును త్రిప్పుము’ అని ఒక్కమాట చెప్పుడు. అతడు ‘మన ఊరికి భూకంపములేమిటి దొరా’ అని నవ్వవచ్చును. కిల్లారివారును అట్లే నవ్విరని అతనికి చెప్పుడు. ఆపైన సిమెంటు, చువ్వలు తెప్పించి ఇచ్చి, మూల తిరిగినచోట చువ్వ తెగకుండ వంగినదో లేదో మీ కన్నులతో చూచిగాని ఇంటికి పోవలదు.